నొక్కగానే వెలగడం గొప్ప కాదు: ఎల్ఈడీ ఆర్కేడ్ బటన్లతో నానమ్మకు చేసిన కాలింగ్ బాక్స్

ఈ సైట్‌లో మనం మాట్లాడుకునేదంతా గాజు పలకల గురించే. 120 హెర్ట్జా, 144 హెర్ట్జా, ఎన్ని నిట్స్, ఏ గొరిల్లా గ్లాస్... ఈసారి దానికి పూర్తిగా అటువైపున్న వస్తువు గురించి రాస్తున్నా. గోపురంలా పైకి ఉబ్బిన ప్లాస్టిక్ బటన్, లోపల చిన్న బల్బు, కింద టక్‌మనే మైక్రోస్విచ్. మాల్‌లో గేమ్ జోన్‌కి వెళ్లినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు దీన్ని అరచేత్తో బాదినవాళ్లే. పేరు ఎల్ఈడీ ఆర్కేడ్ బటన్. ఖరీదు ఒక మంచి టెంపర్డ్ గ్లాస్ కంటే తక్కువ.

బటన్‌లో లైటు పెట్టడం కొత్త ఐడియా ఏమీ కాదు. 1979లో వచ్చిన అటారీ వారి ఆస్టరాయిడ్స్ మెషీన్‌లో స్టార్ట్ బటన్ల లోపలే ఎల్ఈడీలు ఉండేవి. కాయిన్ వేస్తే అవి మినుకుమినుకుమనేవి. అంటే లైటు అలంకారం కాదు, "డబ్బు పడింది, ఇక నన్ను నొక్కు" అని మెషీన్ చెప్పే మాట. తర్వాత 1998లో కొనామీ పాప్‌న్ మ్యూజిక్ అనే గేమ్‌లో తొమ్మిది పెద్ద రంగు బటన్లు పెట్టి వాటి మీదే ఆటంతా నడిపింది. ఇప్పుడు హాబీ ఎలక్ట్రానిక్స్ వాళ్ల చేతికి వచ్చింది కూడా ఆ వంశానికి చెందిన వస్తువే. కానీ మనలో చాలామంది దీన్ని కొని చేసే మొదటి పని ఏంటంటే, నొక్కితే లైటు వెలిగేలా వైరింగ్ చేసి, వీడియో తీసి పెట్టేయడం. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కాకపోతే ఆ బటన్‌లో ఉన్న సత్తాలో పావు వంతు కూడా వాడినట్టు కాదు.

టచ్ స్క్రీన్ చేతులెత్తేసే చోటు

కెపాసిటివ్ టచ్ సరిగ్గా పనిచేయాలంటే వేలికి కాస్త తేమ, కాస్త నిలకడ రెండూ ఉండాలి. మా నానమ్మకు ఆ రెండూ లేవు. వయసు 79. తెనాలి దగ్గర పల్లెటూళ్లో బాబాయి వాళ్లతో ఉంటుంది. జీవితమంతా చేసిన పనికి వేళ్ల చివర చర్మం ఎండిపోయి కాయలు కాసింది, చెయ్యి సన్నగా వణుకుతుంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. ఆమె ట్యాప్ చేస్తే ఫోన్ స్వైప్ అనుకుంటుంది, ఒకసారి నొక్కితే రెండుసార్లు అనుకుంటుంది, ఒక్కోసారి అసలు ముట్టుకోలేదనే అనుకుంటుంది.

పోయినేడాది వానాకాలంలో పెరట్లో జారిపడింది. బాబాయి, పిన్ని పొలం వెళ్లారు. ఫోన్ చేతిలోనే ఉంది, కాల్ మాత్రం వెళ్లలేదు. పాలు పోయడానికి వచ్చినామె చూసేదాకా గంటకు పైగా అక్కడే కూర్చుండిపోయింది. ఎముక విరగలేదు, నయం. కానీ ఆ గంట గురించి ఇంట్లో ఎవరం ఇప్పటికీ మర్చిపోలేదు.

"కీప్యాడ్ ఫోన్ ఇవ్వొచ్చుగా?" అంటారని తెలుసు. అదీ ఇచ్చాం. బటన్లు చిన్నవి, ఛార్జింగ్ గుర్తుండదు, పెరట్లోకి వెళ్లేటప్పుడు మంచం మీదే వదిలేస్తుంది. ఆమెకు కావలసింది మోసుకెళ్లే పరికరం కాదు, గోడకు ఉండిపోయే పరికరం. వణికే అరచేతిని మొత్తం ఆనించి నొక్కినా తట్టుకునేది, నొక్కిన విషయం వేలికి, చెవికి, కంటికి మూడింటికీ తెలిసేది. అలాంటిది నాకు తెలిసి ఒక్కటే ఉంది.

ఇది నా ఒక్కదాని ఆలోచనేం కాదు. చేతులు సరిగ్గా కదలని వాళ్ల కోసం వాడే అసిస్టివ్ స్విచ్‌లన్నీ దాదాపు ఇదే పద్ధతి: పెద్ద బటన్, 3.5 ఎంఎం మోనో జాక్. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనకాల 19 జాక్‌లు ఉన్నది అలాంటి స్విచ్‌లు గుచ్చుకోవడానికే. ఆర్కేడ్ బటన్ రెండు కాళ్లకు ఒక మోనో ప్లగ్ సోల్డర్ చేస్తే మీరే ఒక అసిస్టివ్ స్విచ్ తయారు చేసినట్టు. అంత సింపుల్.

కొనేముందు చూడాల్సిన సంగతులు

ఆన్‌లైన్‌లో "ఆర్కేడ్ బటన్" అని కొడితే వందల రకాలు కనిపిస్తాయి. ముందు సైజు. జపాన్ పద్ధతి బటన్లు, అంటే సాన్వా, సైమిట్సు లాంటివి, 30 ఎంఎం, 24 ఎంఎం రంధ్రాలకు వస్తాయి. ఎక్కువగా తోస్తే క్లిక్‌మని కూర్చునే రకం, అందుకే పానెల్ సన్నగా ఉండాలి. అమెరికా పద్ధతివి 28 ఎంఎం రంధ్రంలో దిగి వెనకనుంచి నట్టు బిగించేవి. మందపాటి ప్లైవుడ్‌కి ఇవే కరెక్ట్. గోపురం బటన్లకు 60, 100 అని రాసేది పైన కనిపించే టోపీ సైజు మాత్రమే. పానెల్‌లో వేయాల్సిన రంధ్రం దానికంటే చాలా చిన్నది. కాబట్టి బటన్ చేతికి వచ్చి కొలిచాకే కార్పెంటర్ దగ్గరికి వెళ్లండి.

నొక్కే బరువు కూడా ముఖ్యం. సాన్వా బటన్ వేలు ఆనితే చాలు పడిపోతుంది. గేమర్లకు అదే కావాలి. చెయ్యి వణికేవాళ్లకు మాత్రం అది శాపం. గోపురం బటన్లు కాస్త బిగుతుగా ఉంటాయి, లోపల వేరే స్ప్రింగ్ ఉంటుంది కాబట్టి. నానమ్మకు అది మరీ బిగుతైంది. టోపీ విప్పి ఆ స్ప్రింగ్ తీసి, బాల్‌పెన్ స్ప్రింగ్ లాంటి మెత్తనిది వేశా. కింద మైక్రోస్విచ్‌కి దాని సొంత స్ప్రింగ్ ఉంటుంది, బటన్ తిరిగి పైకి రావడానికి దాదాపు అదే సరిపోతుంది.

మైక్రోస్విచ్‌కి మూడు కాళ్లు: కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. మనకు కావలసింది మొదటి రెండు. లైటుకు ఇంకో రెండు కాళ్లు ఉంటాయి. మైక్రోస్విచ్, లైటు రెండూ పూర్తిగా వేరు వేరు సర్క్యూట్లు. ఈ వాక్యాన్ని కాస్త నొక్కి చదవండి, ఎందుకంటే ఈ ఆర్టికల్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. బటన్‌ని నొక్కడానికీ లైటు వెలగడానికీ పుట్టుకతో ఎలాంటి సంబంధం లేదు. ఆ సంబంధం ఏంటో మీరే నిర్ణయించాలి.

కాళ్లకు నేరుగా సోల్డరింగ్ చేయకండి. ప్లాస్టిక్ కరిగి కాలు కదిలిపోతుంది. తోసి బిగించే ఫీమేల్ క్లిప్పులు వాడండి. జపాన్ రకానికి 2.8 ఎంఎం, అమెరికా రకం మైక్రోస్విచ్‌లకు ఎక్కువగా 4.8 ఎంఎం. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఏ షాపులోనైనా దొరుకుతాయి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరా ఉంటాయి.

12 వోల్టుల బల్బు, 3.3 వోల్టుల బోర్డు

చాలా ఆర్కేడ్ బటన్లలో ఉండే బల్బు టీ10 వెడ్జ్ రకం. కారు పార్కింగ్ లైట్‌లో వాడతారే, అదే. అందుకే ఎక్కువగా 12 వోల్టులది వస్తుంది. ఆర్డుయినోకి 5 వోల్టులు, ఈఎస్‌పీ32కి 3.3 వోల్టులు. ఇక్కడే కొత్తవాళ్లకు "బటన్ పాడైంది" అనిపిస్తుంది.

లోపల ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. తెల్ల ఎల్ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి. 12 వోల్టుల సప్లైతో 20 మిల్లీ ఆంప్స్ రావాలంటే మిగిలిన 9 వోల్టులను 450 ఓమ్స్ రెసిస్టర్ మింగాలి, అందుకని 470 పెడతారు. అదే బల్బుకు 5 వోల్టులిస్తే మిగిలేది 2 వోల్టులే, కరెంటు 4 మిల్లీ ఆంప్స్ చిల్లర. అంటే వెలుగుతుంది, నీరసంగా. 3.3 వోల్టులిస్తే దాదాపు ఆరిపోయినట్టే. ఇంక లోపల మూడు ఎల్ఈడీలు వరుసగా కలిపి ఉన్న బల్బు అయితే 5 వోల్టులకు కాస్త కూడా వెలగదు. ఎరుపు ఎల్ఈడీకి 2 వోల్టులు చాలు కాబట్టి అది తక్కువ వోల్టేజీలో మిగతా రంగుల కంటే బాగా నడుస్తుంది. ఒకే సెట్‌లో ఎర్ర బటన్ మెరుస్తూ నీలం బటన్ ఏడుస్తూ కనిపించడానికి కారణం ఇదే.

దారులు రెండు. ఒకటి, బల్బు విప్పి లోపలి రెసిస్టర్ మార్చడం. 5 వోల్టులకు 150 ఓమ్స్ వేస్తే సుమారు 13 మిల్లీ ఆంప్స్ వస్తుంది, ఇంట్లో వాడటానికి సరిపోతుంది. రెండోది, 12 వోల్టులను అలాగే ఉంచి ట్రాన్సిస్టర్‌తో ఆన్, ఆఫ్ చేయడం. నా ఓటు రెండోదానికే. బల్బు పోతే ఊళ్లో బైక్ స్పేర్ పార్ట్స్ షాపులో కూడా అదే టీ10 దొరకాలి కదా.

పిన్‌కి నేరుగా తగిలించొద్దా అంటే, 12 వోల్టుల బల్బును అసలు తగిలించకూడదు. 5 వోల్టులదైనా బోర్డును బట్టి చూసుకోవాలి. ఆర్డుయినో ఊనోలో ఒక పిన్‌కి 40 మిల్లీ ఆంప్స్ అనేది దాటకూడని గీత, 20 అనేది మర్యాద. రాస్ప్‌బెర్రీ పై పికోలో ఒక పిన్ డ్రైవ్ సెట్టింగ్ 12 మిల్లీ ఆంప్స్ దగ్గర ఆగుతుంది. నేను వాడింది ఒక్కో లైటుకు ఒక బీసీ547, బేస్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్. బల్బు ప్లస్ 12 వోల్టులకు, మైనస్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు. రెండు సప్లైల గ్రౌండ్ కలపడం మాత్రం మర్చిపోకండి. బటన్లు ఎనిమిది దాకా ఉంటే విడివిడి ట్రాన్సిస్టర్ల బదులు ఒక యూఎల్ఎన్2803 ఐసీ పెట్టేయండి, పని అయిపోతుంది. వెడ్జ్ బల్బు వెలగకపోతే తీసి తిప్పి పెట్టి చూడండి, చాలావాటికి ప్లస్, మైనస్ పట్టింపు ఉంటుంది.

పిన్నుల ఎంపికలో ఒక్క విషయం. ఈఎస్‌పీ32లో జీపీఐఓ 0 పిన్‌ని గ్రౌండ్‌కి లాగి ఉంచి పవర్ ఇస్తే బోర్డు మీ ప్రోగ్రామ్ నడపదు, కొత్త కోడ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కరెంటు పోయి వచ్చే సమయంలోనే ఎవరైనా కంగారుగా బటన్ నొక్కి పట్టుకున్నారనుకోండి, సరిగ్గా అవసరమైన క్షణంలో పెట్టె మూగబోతుంది. 12వ పిన్‌తోనూ బూట్ అయ్యేటప్పుడు ఇలాంటి పేచీలే. 34 నుంచి 39 దాకా ఉన్న పిన్నులకు లోపల పుల్‌అప్ లేదు. నా బటన్లు 25, 26, 27 మీద, లైట్లు 18, 19, 23 మీద ఉన్నాయి. ఇంకోటి, లైటు మెల్లగా పెరిగి తగ్గేలా చేసే పాత ట్యుటోరియల్ కోడ్ మీకు ఎర్రర్లు ఇస్తుంటే, ఈఎస్‌పీ32 ఆర్డుయినో కోర్ 3.0 నుంచి పీడబ్ల్యూఎం ఫంక్షన్ల పేర్లు మారాయని గుర్తుంచుకోండి. తప్పు మీది కాదు.

లైటు అబద్ధం చెబితే?

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో చాలామంది చేసిన ప్రాజెక్టు మ్యూట్ బటన్. పెద్ద ఎర్ర ఆర్కేడ్ బటన్, యూఎస్‌బీ కీబోర్డులా నటించే ప్రో మైక్రో బోర్డు, నొక్కితే మీటింగ్ యాప్‌కి మ్యూట్ షార్ట్‌కట్ వెళ్తుంది, లైటు మారుతుంది. ఇందులో చిక్కు చూశారా? విండో ఫోకస్ వేరేచోట ఉంటే షార్ట్‌కట్ యాప్‌కి చేరదు. లైటు మాత్రం "మ్యూట్ అయింది" అని ధీమాగా వెలుగుతుంది. ఆ లైటు చూపించేది మైక్ పరిస్థితి కాదు, బటన్ అనుకుంటున్నది.

దీనికి విరుగుడు మన కీబోర్డులోనే ఎప్పటినుంచో ఉంది. క్యాప్స్ లాక్ లైటును వెలిగించేది కీబోర్డు కాదు, కంప్యూటర్. మీరు కీ నొక్కితే కీబోర్డు ఆ వార్త పంపుతుంది అంతే. కంప్యూటర్ స్థితి మార్చుకుని, "ఇప్పుడు లైటు వెలిగించు" అని తిరిగి చెబితేనే వెలుగుతుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూసేది ఇందుకే.

మ్యూట్ బటన్ అబద్ధం చెబితే మహా అయితే మేనేజర్ ముందు పరువు పోతుంది. నానమ్మ పెట్టె అబద్ధం చెబితే? లైటు వెలిగింది కాబట్టి ఎవరో వస్తున్నారని ఆమె ఎదురుచూస్తూ కూర్చుంటుంది, ఎవరూ రారు. అరిచి పక్కింటివాళ్లను పిలిచే ప్రయత్నం కూడా చేయదు. అలాంటి లైటు ఉండటం కంటే లేకపోవడమే మేలు.

అందుకే పెట్టెలో ఒక రూల్ పెట్టుకున్నా: బటన్ నొక్కినందుకు లైటు స్థిరంగా వెలగదు. నొక్కగానే మినుకుతుంది, అంటే కబురు దారిలో ఉంది. ఈఎస్‌పీ32 వైఫై మీదుగా మా ఫ్యామిలీ టెలిగ్రామ్ గ్రూపులో ఉన్న బాట్‌కి మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్ కింద "చూశాను" అనే బటన్ ఉంటుంది. మాలో ఎవరైనా మనిషి ఆ బటన్ నొక్కితేనే, ఆ వార్త తిరిగి పెట్టెకు చేరితేనే, అక్కడి మినుకు ఆగి లైటు నిలకడగా వెలుగుతుంది. రెండు నిమిషాల్లో ఎవరూ చూడకపోతే మళ్లీ పంపుతుంది, మినుకు ఆగదు. సర్వర్‌కి చేరడానికి ఒక మెరుపు, డెలివరీకి ఇంకో మెరుపు, ఇలా నాలుగైదు రకాలు కోడ్‌లో పెట్టడం తేలికే. కానీ అవన్నీ ఇంజినీర్‌కి కావలసినవి. నానమ్మకు కావలసినవి రెండే: పోతోంది, చూశారు.

ఏమీ నొక్కనప్పుడు కూడా లైట్లు సన్నగా, ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గుతుంటాయి. ఇది అందానికి కాదు. ప్రతి నిమిషం బోర్డు ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకుని, ఉంటేనే అలా చేస్తుంది. నెట్ పోతే చీకటి. చీకటిగా ఉంటే బాబాయి రూటర్ చూడాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఈ సన్నని వెలుగును ఇంకా తగ్గించాను, లేకపోతే 60 ఎంఎం గోపురం గదంతా వెలిగించి నిద్ర చెడగొడుతుంది. మన కన్ను వెలుతురును లెక్కప్రకారం చూడదు, పీడబ్ల్యూఎం 50 శాతం పెడితే సగం వెలుగులా అనిపించదు, చాలా ఎక్కువే అనిపిస్తుంది. విలువను వర్గం చేసి వాడితే పెరుగుదల నునుపుగా కనిపిస్తుంది.

ఒకే బటన్, రెండు వ్యతిరేక కోడ్‌లు

మైక్రోస్విచ్ లోపల రెండు లోహపు ముక్కలు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి తగులుతాయి. దీన్నే బౌన్స్ అంటారు. ప్రాసెసర్‌కి అది ఐదారు నొక్కుళ్లలా కనిపిస్తుంది. ట్యుటోరియల్స్ అన్నీ "20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడు" అని ముగిస్తాయి. అసలు ప్రశ్న ఏంటంటే, ఎవరి కోసం ఆగుతున్నాం?

జూనియర్ల టెక్ ఫెస్ట్‌కి నాలుగు టీముల క్విజ్ బజర్ చేసిచ్చా. అక్కడ ఆగడం నేరం. మొదటి స్పర్శనే లెక్కలోకి తీసుకుని, తర్వాతి 50 మిల్లీసెకన్లలో వచ్చేదాన్ని పట్టించుకోకూడదు. అంతేకాదు, లూప్‌లో ఒకటో బటన్, రెండో బటన్, మూడో బటన్ అని వరుసగా చదివితే, ఇద్దరు దాదాపు ఒకేసారి నొక్కినప్పుడు ఎప్పుడూ ముందు నంబరు టీమే గెలుస్తుంది. తేడా మైక్రోసెకన్లలోనే, నిజమే. కానీ లూప్ మధ్యలో డిస్‌ప్లే మీద స్కోరు రాసే పని ఉంటే ఆ తేడా పదుల మిల్లీసెకన్లకు పోతుంది. నాలుగు పిన్నులనూ ఇంటరప్ట్‌ల మీద పెట్టి, ఎవరి సమయం వాళ్లకు నమోదు చేసి పోల్చడమే న్యాయం. గెలిచిన టీము లైటు వెలిగి, మిగతావి ఆరిపోతే ఇక జడ్జితో గొడవలుండవు.

నానమ్మ పెట్టెలో అంతా తిరగబడింది. వణికే చెయ్యి ఒక పనికి నాలుగుసార్లు నొక్కుతుంది. చీర కొంగు తగిలినా, తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా కబురు వెళ్లకూడదు. కాబట్టి 300 మిల్లీసెకన్లపాటు నొక్కి ఉంచితేనే లెక్క. మధ్యలో 50 మిల్లీసెకన్లలోపు చిన్న విరామాలు వస్తే వణుకు అనుకుని క్షమించేస్తుంది. ఒకసారి కబురు వెళ్లాక ఐదు సెకన్లు అదే బటన్ మళ్లీ పట్టించుకోదు. లిఫ్ట్ బటన్ వెలిగే ఉన్నా వచ్చిన ప్రతివాడూ మళ్లీ నొక్కుతాడు చూడండి, అలాంటి నొక్కుళ్లు కూడా ఇందులోనే కొట్టుకుపోతాయి.

పెట్టె, వైర్లు, కరెంటు కోత

మూడు 60 ఎంఎం బటన్లు. ఎరుపు అందరికీ, వెంటనే రండి. పసుపు, తీరిక ఉన్నవాళ్లు ఫోన్ చేయండి. తెలుపు మందుల కోసం, ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి దానంతట అదే మినుకుతుంది, మాత్ర వేసుకుని నొక్కితే ఆరుతుంది. నీలం, ఆకుపచ్చ కావాలనే పెట్టలేదు. వయసుతో కంటి లెన్స్ పసుపు రంగుకు తిరుగుతుంది, శుక్లం ఉంటే మరీనూ. నీలం మసకబారుతుంది, నీలానికీ ఆకుపచ్చకూ తేడా పట్టడం కష్టం. పైగా రంగు ఒక్కదాని మీదే ఆధారపడకుండా ఎరుపును పైన ఒంటరిగా, మిగతా రెండూ కింద పక్కపక్కన పెట్టాం. చీకట్లో తడిమినా తెలుస్తుంది.

ఎరుపుకి కవల కూడా ఉంది. పెరటి గుమ్మం పక్కన, మోకాలి ఎత్తులో. పడిపోయిన మనిషికి అందాలంటే అక్కడే ఉండాలి. రెండింటి మైక్రోస్విచ్‌లూ ప్యారలల్, రెండింటి బల్బులూ ఒకే ట్రాన్సిస్టర్ మీద, 40 మిల్లీ ఆంప్స్ బీసీ547కి బరువేం కాదు. అక్కడికి ఆరు మీటర్ల వైరు వెళ్లింది. అంత పొడవు వైరు యాంటెన్నాలా పనిచేసి మోటరు వేసినప్పుడల్లా దొంగ నొక్కుళ్లు తెస్తుంది. బోర్డు లోపలి పుల్‌అప్ పదుల కిలో ఓమ్స్‌లో ఉంటుంది, చాలా బలహీనం. బయట 2.2 కిలో ఓమ్ పుల్‌అప్, పిన్ దగ్గర 100 నానో ఫారడ్ కెపాసిటర్ పెట్టాను. దీనివల్ల ఇంకో లాభం. ఈ పెద్ద మైక్రోస్విచ్‌లు ఆంపియర్ల కరెంటు కోసం చేసినవి, వాటి కాంటాక్టులు మరీ సన్నని కరెంటుతో ఏళ్ల తరబడి ఉంటే పైపొర పట్టి తగలడం మానేస్తాయి. 2.2 కిలో ఓమ్‌తో నొక్కినప్పుడల్లా 1.5 మిల్లీ ఆంప్స్ పారుతుంది, ఆ బెడద తగ్గుతుంది.

పవర్ మొత్తం రూటర్ల కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్ నుంచి. రూటర్, పెట్టె రెండూ దాని మీదే. బల్బులకు నేరుగా 12 వోల్టులు, ఈఎస్‌పీ32కి చిన్న బక్ కన్వర్టర్ ద్వారా 5 వోల్టులు. పెట్టె తినేది రెండు వాట్లలోపే.

ఇంటర్నెట్‌ని పూర్తిగా నమ్మలేం. కాబట్టి ఎర్ర బటన్ నెట్ ఉన్నా లేకపోయినా వీధి వైపు పెట్టిన 12 వోల్టుల బజర్‌ను కూడా మోగిస్తుంది. పక్కింటి పెద్దమ్మకు ఆ శబ్దం ఏంటో చెప్పి ఉంచాం. ఇది వైద్య పరికరం కాదు, సర్టిఫికెట్లు లేవు, స్పృహ తప్పిన మనిషి బటన్ నొక్కలేదు. తెల్ల లైటు ఆరింది అంటే బటన్ నొక్కారని అర్థం, మాత్ర మింగారని కాదు. ఈ తేడాలు ఇంట్లో అందరికీ విడమరిచి చెప్పాకే గోడకు బిగించాం.

మొదటిసారి చూసినప్పుడు నానమ్మ, "ఏమే, ఇవి ఆస్పత్రి లిఫ్టులో ఉండేవేగా?" అంది. పసుపు నొక్కించాం. మినుకుతుంటే చెయ్యి తీయకుండా అలాగే చూస్తోంది. బెంగళూరులో ఉన్న అన్నయ్య ఆఫీసు మీటింగ్ మధ్యలో "చూశాను" నొక్కినట్టున్నాడు, లైటు నిలబడింది. "వాడు చూశాడా? తిన్నాడో లేదో అడుగు," అంది. ఈ ఎనిమిది నెలల్లో ఎరుపు నిజంగా నొక్కింది రెండుసార్లు. ఒకసారి కళ్లు తిరిగి, ఇంకోసారి పెరట్లోకి పాము వచ్చి. రెండోదానికి పెద్దమ్మే కర్ర పట్టుకుని వచ్చింది, మేం టెలిగ్రామ్‌లో "ఏమైంది, ఏమైంది" అని కొట్టుకుంటుండగానే. పసుపు మాత్రం రోజూ సాయంత్రం.

ఖర్చు, దొరికే చోటు

నాకు బటన్లు ఒక్కోటి 250 రూపాయల లోపు పడ్డాయి, ఈఎస్‌పీ32 బోర్డు 400 చిల్లర, మినీ యూపీఎస్ వెయ్యి దాటింది, అన్నిటికంటే ఖరీదైంది అదే. పెట్టె ఊళ్లో కార్పెంటర్ చేశాడు, హోల్ సా బిట్ నేనే తీసుకెళ్లా. ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, క్లిప్పులు కలిపి వంద లోపే. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు అడాఫ్రూట్ వారి నాలుగు బటన్ల ఐ2సీ బోర్డు లాంటివి చూడొచ్చు. వైర్లు గుచ్చడమే, బటన్, లైటు రెండూ అదే చూసుకుంటుంది. ఇండియాలో ధర ఎక్కువ, స్టాక్ తరచూ ఉండదు.

మీరు కొనేటప్పుడు అమ్మేవాణ్ని రెండు ప్రశ్నలు అడగండి: బల్బు ఎన్ని వోల్టులు, బల్బు విడిగా మార్చుకోవచ్చా. "5 వోల్టులు" అని రాసి 12 వోల్టులవి పంపిన అనుభవం నాకు ఒక ఆన్‌లైన్ అమ్మకందారుతో అయింది, నాకు ఎలాగూ 12వే కావాలి కాబట్టి వెనక్కి పంపలేదు. మీకు అలా కలిసిరాకపోవచ్చు. వచ్చినవెంటనే మల్టీమీటర్ కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి ఏ కాలు కామన్, ఏది ఓపెన్ అన్నది చూసుకోండి. కాళ్ల పక్కన రాసింది కూడా ఒక్కోసారి తారుమారుగా ఉంటుంది.

పెట్టె అడుగున రెండు టీ10 బల్బులు, ఒక మైక్రోస్విచ్ టేపుతో అంటించి ఉంచాను. మార్చడం బాబాయికి చూపించా. వెనకనుంచి హోల్డర్‌ను కాస్త తిప్పి లాగితే బల్బుతో సహా చేతికి వచ్చేస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. తెల్లది ఒకటి పోయిన నెల ఆయనే మార్చేశారు.